రెండోసారి ఎత్తిన చేయి

ఆ కార్మిక సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఏ తీర్మానానికైనా రెండుసార్లు చేతులెత్తాలి. మొదటిసారి ఎవరిష్టం వాళ్లది. రెండోసారి ఓడినవాళ్లు కూడా ఎత్తాలి, అది ఏకగ్రీవం కావాలి గనక. ఇంట్లో ఎవరి మాటా వినని మొండిఘటాలు కూడా ఈ ఒక్క కట్టుబాటు దాటేవారు కాదు.

బేకరీ మాస్టరు ఆ నీడనే పెరిగాడు. అమ్మా నాన్నా పోతే, సంఘంలో సభ్యురాలైన అక్క చేరదీసింది. సంఘం కార్యదర్శి అయిన బావ అతన్ని సంఘం బేకరీలో పెట్టాడు. కూలినాలి చేసుకునేవాళ్లకు చవకగా రొట్టె దొరకాలని పెట్టిన బేకరీ అది. దాని ముందు పిల్లలు రొట్టె తుంచుకు తింటుంటే మాస్టరుకు కడుపు నిండినట్టుండేది.

గోధుమపిండి ధర మండిపోతున్న రోజుల్లో, రొట్టె ధర పైసా పెంచకూడదని బావ తీర్మానం పెట్టాడు. మాస్టరు లేచి నిలబడ్డాడు.

"కాస్తయినా పెంచకపోతే పొయ్యి ఆరిపోతుంది బావా. ఆరిపోయాక చవక రొట్టె ఎక్కణ్ణుంచి తెస్తాం?"

"షావుకార్ల మాటలు నీకెవడు నేర్పాడ్రా?"

హాలంతా ఘొల్లున నవ్వింది.

"షావుకారు చెప్పినా రెండూ రెండూ నాలుగే కదా!"

మొదటిసారి అతని చేయి ఒక్కటే లేవలేదు. రెండోసారి లేచింది. ఇష్టం లేకపోయినా మాట మాటే.

ఊళ్లో తక్కిన బేకరీలవాళ్లు పోటీకి నిలబడాలని ధర పెంచకుండా గుట్టుగా రొట్టెను కుదించారు. మాస్టరుకు అది జనం నోటి దగ్గర కూడు దొంగిలించడమే. ప్రతి ముద్దనూ త్రాసులో వేసి, తగ్గితే మరికాస్త పిండి కలిపేవాడు. చివరికి పిండి కొనే దారి లేక పొయ్యి చల్లారింది. ఆ రోజు అతను బూడిద ఎత్తుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

షావుకార్ల పార్టీవాళ్లు దండతో ఇంటికొచ్చారు. "మీరన్నదే నిజమైంది, మా వైపు రండి" అన్నారు. అతను మొహం మీదే తలుపేశాడు. కానీ వీధిలో చూసినవాళ్లు దండనే చూశారు, తలుపును చూడలేదు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు.

సంఘం కూర్చుంది. "కావాలనే ముంచాడు! అందరూ రొట్టె తగ్గిస్తే వీడొక్కడే ఎందుకు తగ్గించలేదు? తన మాట నెగ్గించుకోడానికే!" అన్నారెవరో.

బావ అతని దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మునుగుతామని ముందే తెలుసుగా నీకు?"

"ముందే చెప్పాను కదా బావా."

"చెప్పావురా. ఇప్పుడదే నీ మెడకు చుట్టుకుంది. నేనేం చేసేది?"

అతన్ని తీసేయాలన్న తీర్మానం బావే చదవాల్సి వచ్చింది. మొదటిసారి చేతులు లేచాయి. అక్క మాత్రం రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చుంది.

"రెండోసారి," అన్నాడు బావ ఎటో చూస్తూ.

అక్క తమ్ముడి వైపు చూసింది. ఎత్తమన్నట్టు అతను తలూపాడు. ఆమె ఏడుస్తూ చేయెత్తింది. ఆమెతోపాటే, వెనక వరసలోంచి, గోళ్లలో ఇంకా పిండి వదలని చేయి ఒకటి లేచింది.

బావ ఆ చేతిని కూడా లెక్కపెట్టి, "ఏకగ్రీవం" అన్నాడు.