పదిహేడు చిల్లులు

"ఖమ్మం బస్సు ఎప్పుడొస్తది సారూ?"

దయాకర్ తలెత్తలేదు. పొద్దున్నుంచి ఆ ప్రశ్న ముప్పయ్యోసారో నలభయ్యోసారో. గోడ మీద ఇంతింత అక్షరాలతో వేళల బోర్డు ఉంది. దాని కిందే నిలబడి, దానికే వీపు ఆనించి అడుగుతారు. కళ్లు కనబడని ముసలవ్వ అడిగిందంటే ఒక అర్థముంది. వీడు చెవుల్లో తీగలు పెట్టుకుని, చేతిలో అంత పెద్ద ఫోను పట్టుకుని అడుగుతున్నాడు.

"నీ ఎనుక బోర్డు ఉన్నది. జర మర్లి చూడు."

"చూసిన సారూ. కని, అస్తదా అని."

"రాక యాడికి పోతది?"

కుర్రాడు నొచ్చుకుని పక్కకు పోయాడు. పోతే పోనీ. దయాకర్‌కు పదకొండు రోజులుగా కోపంగా ఉంది. తొర్రూరు బస్టాండులో ఎవరు ఎదురుపడితే వారి మీద ఇంత పడుతోంది. పొద్దున టీ తెచ్చినవాడి మీద చక్కెర ఎక్కువైందని పడ్డాడు. నిన్న తక్కువైందని పడ్డాడు.

కంట్రోలర్ గది అంటారు గానీ అది గది కాదు, ఒక గూడు. బల్ల, మైకు, వచ్చిపోయే బస్సుల వేళలు రాసే రిజిస్టరు, వెనక్కి వాలితే కిర్రుమనే కుర్చీ. ముందు ఇనుప చువ్వల కిటికీ. యాభై ఏడేళ్ల దయాకర్ పొట్టిగా, గట్టిగా ఉంటాడు. మీసం నెరిసింది, కనుబొమలు మాత్రం నల్లగానే ఉన్నాయి, అందుకే మామూలుగా చూసినా ఉరిమి చూసినట్టు ఉంటుంది. కుడిచేతి బొటనవేలి మొదట్లో గట్టి కాయ ఉంది. ఇరవై నాలుగేళ్లు టికెట్లకు చిల్లులు కొట్టే పంచ్ ఒత్తుకున్న చోటు అది. టికెట్లు మిషన్లలోంచి రావడం మొదలై ఎన్నేళ్లయినా ఆ కాయ అరగలేదు. మోకాలు అరిగింది. డాక్టరు ఇక బస్సెక్కి నిలబడొద్దన్నాక ఈ గూట్లో కూర్చోబెట్టారు. అప్పటినుంచి అతని పని అందర్నీ ఎక్కించి పంపడం, తను ఇక్కడే ఉండడం.

బల్ల సొరుగులో టిఫిను డబ్బా పక్కన, పాత తువ్వాలులో చుట్టిన లావుపాటి పుస్తకం ఉంది. 'పన్నెండు రేవుల రాజ్యం', నాలుగో సంపుటం. రాజులు, కోటలు, మాట్లాడే నది, నీళ్ల కింద నడిచే సైన్యం. ఈ వయసులో ఇవేం కథలని డ్రైవర్లు నవ్వుతారు. "దయన్నా, ఇయాల ఎన్ని తలకాయలు ఎగిరినయే?" అని కిటికీలోంచి అడుగుతారు. నవ్వనీ! పేకాడి లుంగీలు చింపుకునే వాళ్లు కూడా అతణ్ని చూసి నవ్వేవాళ్లే.

ఆ పుస్తకాల పిచ్చి అంటించినవాడు కొమురయ్య. అప్పట్లో దయాకర్ జనగామ నుంచి భూపాలపల్లి పోయే బస్సులో కండక్టరు. కొమురయ్య అటునుంచి ఇటు వచ్చే బస్సులో కండక్టరు. రెండు బస్సులూ రోజూ రేగొండలో కలిసేవి. పక్కపక్కన ఆగేవి. డ్రైవర్లు టీకి దిగితే, పన్నెండు నిమిషాలు వీళ్లిద్దరూ ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి మాట్లాడుకునేవాళ్లు. కొమురయ్య ఒకరోజు ఏమీ చెప్పకుండా మొదటి సంపుటం కిటికీలోంచి అందించాడు. మూడు సంపుటాలు అలా కిటికీలు మారినవే.

నాలుగో దగ్గర ఆ రచయిత దగా చేశాడు. దయాకర్ లెక్కలో అది దగా తప్ప ఇంకొకటి కాదు. మూడో సంపుటం చివర వరదొచ్చి పడవ పగిలింది. పడవ నడిపే రుద్రుడు ఎగువ రేవులో ఒడ్డున పడ్డాడు. అతని భార్య మందారిక దిగువకు కొట్టుకుపోయింది. ఆ మనిషి బతికిందా, చచ్చిందా? నాలుగో సంపుటం ఆరు వందల పేజీల్లో ఆమె పేరే రాదని ముందుమాటలోనే రాశాడు! ఎగువ వాళ్ల కథంతా నాలుగులో, దిగువ వాళ్ల కథంతా అయిదులో. రెండింట్లోనూ అదే ఏడాది, అదే వరద, తలా ముప్పై అధ్యాయాలు.

"ఆడిమనిషిని నీళ్లల్ల ముంచి, ఇంకో పుస్తకం కొనుక్కో అంటడా? వీడు మనిషేనా?" అని దయాకర్ ఫోనులో అరిచాడు.

కొమురయ్య అప్పటికి రిటైరై కాటారంలో రెండెకరాల వరి చూసుకుంటున్నాడు. అతను అరవలేదు. అతనికి కోపం తక్కువ. "తమ్మీ, గిది పొయ్యే బస్సు, గది వచ్చే బస్సు. రెండూ ఒక్క టైముకే ఎల్లినయి. ఒకదాని ఎనుక ఒకటి ఎట్ల నడుపుతం? పక్కపక్కన నడపాలె. యాడనో ఒక్కకాడ కలుస్తయి, మనం రేగొండల కలిసినట్టు" అన్నాడు.

నాలుగు దయాకర్ దగ్గర ఉంది, జనగామలో పాత పుస్తకాల కొట్టులో దొరికింది. అయిదు కొమురయ్య దగ్గర ఉంది. మళ్లీ అచ్చు వేయలేదు కాబట్టి రెండో ప్రతి ఎవరికీ దొరకలేదు. అందుకని ఎవరి సంపుటం వారు చదవాలి, రోజూ ఒకటిన్నరకు ఫోనులో ఒకరి అధ్యాయం ఇంకొకరికి చెప్పాలి. చెప్పాకే టికెట్టు కొట్టాలి. కొమురయ్య దగ్గర పాత కాగితం టికెట్లు కొన్ని మిగిలాయి. పసుపుపచ్చవి, అంచుల వెంట స్టేజీ నంబర్లున్నవి. ఒకటి తను పెట్టుకుని ఒకటి దయాకర్‌కు పంపాడు. ఎన్నో అధ్యాయం అయితే ఆ నంబరు మీద చిల్లు.

"బొక్క కొట్టకుంట ముందట పేజీ తిప్పినవంటె టికెట్ లేని ప్రయాణమే, తెల్సు గద" అన్నాడు కొమురయ్య.

టికెట్ లేని ప్రయాణం! కండక్టరుకు అంతకంటే పెద్ద తిట్టు లేదు. దయాకర్ నవ్వాడు. రోజు మొత్తంలో బస్సు ఎప్పుడొస్తదని ఎవరూ అడగని ఇరవై నిమిషాలు అవే. కొమురయ్య చెబుతుంటే నది గొంతు ఒకటి, రాణి గొంతు ఒకటి. ఇంట్లో భార్య ప్రమీల కూడా "ఏందయ్యా, మందారిక సంగతేమాయె?" అని అన్నం వడ్డిస్తూ అడిగేది.

అన్నీ బాగానే ఉండేవి. పదకొండు రోజుల కింద, శనివారం, కొమురయ్య సంపుటంలో పదిహేడో అధ్యాయం వచ్చింది. మందారికను కోటగోడ మీంచి నదిలోకి తోసేశారు. ఆమె చీర కొంగు సుడిలో తిరిగి తిరిగి మునిగిపోయింది. అధ్యాయం అక్కడ ఆగింది. దయాకర్ చేతిలో టీ చల్లారిపోయింది.

"పరేషాన్ గాకు తమ్మీ. ఆమె సావది" అన్నాడు కొమురయ్య.

"నీకెట్ల తెలుసు?"

"ఎట్ల అంటె... సావది, అంతే. నా మనసుకు తెలుస్తంది."

"ముందుకు చదివినవ్."

"అవ్వతోడు చదువలె."

"చదివినవ్! చదివి, నాకు ఒక్కొక్క ముక్క ఇసురుతున్నవ్. ఇన్నేండ్ల సంది నీ గొంతు నాకు తెల్వదా? దొంగవు నువ్వు కొమురన్నా. టికెట్ లేనోడివి. ఇగ నాకు ఫోన్ చెయ్యకు!"

పెట్టేశాడు. అంత మాట ఎందుకొచ్చిందో తెలియదు. వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకునే అలవాటు అతనికి లేదు.

మరునాడు ఒకటిన్నరకు ఫోను మోగలేదు. ఆ మరునాడూ లేదు. నాలుగో రోజు, బుధవారం, మోగింది. కొమురన్న అని వెలిగింది. దయాకర్ దాన్ని చూస్తూ కూర్చున్నాడు, బోర్లా తిప్పి పెట్టాడు. ఆగిపోయింది. రెండోసారి మోగితే ఎత్తుదామనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. మోగలేదు. దానికి ఇంకా మండింది. ఒక్కసారికే ఊకుంటడా? గింతేనా నా ఇలువ?

ఆ సాయంత్రమే కసితో పద్దెనిమిదో అధ్యాయం తెరిచాడు. నాలుగు రోజుల్లో చివరిదాకా చదివేశాడు. రుద్రుడు ఏ కోట గెలిచాడో, ఎవరి తల తీశాడో కళ్లు చదివాయి గానీ ఒక్కటీ నోటికి రుచించలేదు. చెప్పడానికి మనిషి లేకపోతే ఎన్ని తలలు తెగితే ఏం లాభం? టికెట్టుకు మాత్రం చిల్లు కొట్టలేదు. అది పదిహేడు దగ్గరే ఉంది.

ఇవాళ పొద్దున అతని చొక్కా గుండీలు పెడుతూ ప్రమీల అంది. "నువ్వే చెయ్యరాదు? నోరు జారింది నీది."

"నేనెందుకు చేస్త? తప్పు ఆయనది."

"ఆయన తప్పు జేసిండని ఎవలు చెప్పిండ్రు నీకు?"

ఆడవాళ్లకు ఇలాంటి ప్రశ్నలు ఎక్కడినుంచి వస్తాయో! చెప్పులేసుకున్నాడు. కానీ ఆ మాట రోజంతా చెప్పులో రాయిలా ఒత్తింది. ఒకటిన్నర కొట్టేసరికి ఇక ఆగలేకపోయాడు. ఫోను తీశాడు. క్షమించమని అడగడానికి కాదు, కడిగేయడానికి. కడిగేశాక, ఆ తర్వాత, ఏదో మాట్లాడుకుంటారు. అవతల స్విచాఫ్ అని వచ్చింది. మళ్లీ చేశాడు. స్విచాఫ్.

"బంద్ పెట్టుకున్నడు! నా మీద అలిగిండు, ముసలోడు!" అని రిజిస్టరు మీద ఫోను కొట్టాడు.

మూడు గంటలకు హన్మకొండ నుంచి ఖమ్మం పోయే బస్సు వచ్చి ఆగింది. కండక్టరు నీలి దిగింది. ముప్పై దాటని సన్నటి పిల్ల, టికెట్ మిషను మెడలో వేలాడుతూ, చెమటతో నుదుటి బొట్టు కిందికి జారి ఉంది. చేతిలో ఎరువుల సంచి ముక్కలో చుట్టి, సుతిలితో కట్టిన పొట్లం.

"సార్, మీకే. కాటారం నుంచి."

ఆ ఆకారం చూడగానే దయాకర్‌కు తెలిసిపోయింది. అయిదో సంపుటం. "అరే! పుస్తకమే ఇసిరికొట్టిండా? ఇగ చెప్పుడు బంద్, నువ్వే చదువుకో అన్నట్టా? గింత పౌరుషమా ఆయనకు!"

"ఆయన గాదు సార్. ఆయన బిడ్డ మేఘనక్క పంపిందట. కాటారంల బస్సుకు ఎక్కిచ్చిందట, భూపాలపల్లి బస్సు కండక్టరన్న హన్మకొండల నా చేతికిచ్చిండు." నీలి అతని మొహంలోకి చూసింది. "మీకు తెల్వదా సార్?"

"ఏంది?"

"ఆ పెద్దాయన పోయిండట. మొన్న శుక్కురారం పొద్దుగాల. నారుమడి గట్టు మీద కూసున్నోడు కూసున్నట్టే పక్కకొరిగిండట. నాకేమన్నయితే గీ పుస్తకం తొర్రూరు తమ్మునికి పంపుమని ఎన్నడో చెప్పి పెట్టిండట. తమ్ముడంటె ఎవలో ఆళ్లకు తెల్వక, అందర్ని అడిగి అడిగి పంపిండ్రు."

బస్సు వెనక నుంచి హారన్ కొట్టారు. దయాకర్ మైకు నొక్కాడు. "ఖమ్మం పోయే బస్సు. మరిపెడ, కూసుమంచి, ఖమ్మం. ఎక్కేటోళ్లు ఎక్కుండ్రి." గొంతు ఎప్పటిలాగే వచ్చింది. రిజిస్టరులో వేళ రాశాడు. నీలి పోయి బస్సెక్కింది.

శుక్రవారం. శుక్రవారం పొద్దున తను ఇరవై మూడో అధ్యాయంలో ఉన్నాడు. ఇదే కుర్చీలో.

"ఒక్కసారి చేసి ఊకుంటవా?" అన్నాడు పైకే. "నేను చెయ్యకు అంటె చెయ్యవా? నా మాట ఎన్నడన్న ఇన్నవా నువ్వు? బీడీ తాగకు అంటె ఇన్నవా? ఎండల పొలం కాడికి పోకు అంటె ఇన్నవా? గిదొక్కటి ఇన్నవ్! రెండోసారి చేస్తె ఏం పోయేది నీ సొమ్ము?"

చువ్వల అవతల ఒక ముసలవ్వ సంచీ పట్టుకుని నిలబడి ఉంది. "ఎవలను తిడుతున్నవ్ కొడుకా?"

"నన్నే అవ్వా. నీదే ఊరు?"

"కొడకండ్ల."

"పావుగంటల వస్తది. నీడకు కూసో."

సుతిలి ముడి గట్టిగా ఉంది. గోళ్లతో లాగాడు, పళ్లతో కొరికాడు. పుస్తకానికి బీడీ వాసన, వరిగడ్డి వాసన. మధ్యలో పసుపుపచ్చ టికెట్టు. అది ఉన్నచోట తెరుచుకుంది. పదిహేడో అధ్యాయం చివరి పేజీ. టికెట్టు తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. వేల టికెట్లు చూసిన కన్ను అది, మోసం చేద్దామన్నా చేయలేరు. ఒకటి నుంచి వరసగా పదిహేడు చిల్లులు. పదిహేడో చిల్లు చుట్టూ కాగితం ఇంకా కొత్తగా ఉంది. పద్దెనిమిదో నంబరు నిండుగా ఉంది. అవతలి పేజీలు నలగలేదు. అంచున రెండు కాగితాలు కోత సరిగా పడక అచ్చుయంత్రం నుంచి వచ్చినట్టే అతుక్కుని ఉన్నాయి. వాటిని విడదీయకుండా పద్దెనిమిదో అధ్యాయం చదవడం ఎవరికీ కుదరదు.

మనిషి పేజీ తిప్పలేదు. ఊరికే నమ్మాడు, అంతే. ఆమె చావదని నమ్మి, బుధవారం ఫోను చేసి, ఎత్తకపోతే ఊరుకుని, పదిహేడు దగ్గరే కూర్చున్నాడు, దయాకర్ వస్తే కలిసి పోదామని.

దయాకర్ సొరుగులోంచి తన సంపుటం తీసి పక్కన పెట్టాడు. తన టికెట్టు తీశాడు. దానికీ పదిహేడే చిల్లులు. పక్కపక్కన పెడితే రెండు టికెట్లూ ఒకటే. ఏ తనిఖీ ఆఫీసరు ఎక్కినా, ముప్పై దాకా దొంగగా పోయినవాడు ఎవడో పట్టలేడు. పట్టుకోగలిగినవాడు ఒక్కడే, ఆ కొమురయ్యనే దొంగ అన్నాడు. తన చెంప తనే వాయించుకోవాలన్నంత కోపమొచ్చింది. కళ్లు మండాయి. కిటికీ వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

సొరుగు అడుగున, తాళంచెవుల కింద, పదకొండు రోజులుగా ముట్టని పాత పంచ్ ఉంది. పాత తుప్పుకు మళ్లీ బిగుసుకుంది. బొటనవేలి కాయ మీద ఆనించి గట్టిగా నొక్కితే కదిలింది. తన టికెట్టు అందుకుని పద్దెనిమిది మీద పెట్టి కొట్టాడు. పంతొమ్మిది. ఇరవై. ఇరవై మూడు దగ్గర చెయ్యి ఆగింది. దాన్నీ కొట్టాడు. ముప్పై దాకా కొట్టాడు. చిన్న చిన్న పసుపు చుక్కలు రిజిస్టరు మీద పడ్డాయి. కొమురయ్య టికెట్టును మాత్రం పుస్తకంలో తీసినచోటే మళ్లీ పెట్టాడు.

"సారూ, కొడకండ్ల బస్సు ఎప్పుడొస్తది?" ఎవరో అడిగారు.

"వస్తది" అన్నాడు, వెనక్కి తిరగకుండా.

బల్ల మీద రెండు సంపుటాలూ పక్కపక్కన ఉన్నాయి. అయిదో దానిలో, అతుక్కున్న ఆ రెండు కాగితాలకు ముందు, కొమురయ్య పసుపుపచ్చ టికెట్టు పదిహేడు చిల్లులతో, పద్దెనిమిదో నంబరు చెక్కుచెదరకుండా, పెట్టినచోటే ఉంది.