అత్తగారు ఎదురొచ్చిన పొద్దు

విమానాశ్రయం ఎలా ఉంటుందో తాయారు ఎన్నడూ చూడలేదు కాబట్టి అది అచ్చం నరసాపురం రైల్వే స్టేషన్‌లాగే ఉంది, టికెట్ల కిటికీ దాటగానే వాళ్ళ వంటిల్లు వస్తోంది, అందులో, చనిపోయి మూడేళ్ళయిన అత్తగారు చిట్టెమ్మ పీట మీద కూర్చుని జంతికల పిండి కలుపుతోంది. ఇందులో వింతేమీ కనిపించడం లేదు తాయారుకు.

"ఏ దేశమే?" అంటుంది చిట్టెమ్మ తలెత్తకుండానే.

"అదే తేలడం లేదత్తయ్యా. నర్సు ఉద్యోగం దోహాలోనూ వచ్చింది, జర్మనీలోనూ వచ్చింది. తెల్లారగానే ఏజెంటు ఫోన్ చేస్తాడు. ఏదో ఒకటి చెప్పెయ్యాలి."

"ఆలోచనెందుకే? దోహాలో మన సూరిబాబున్నాడుగా. మరిది ఇంట్లో ఓ మూల పడుంటావు."

మూల అనేసరికి తాయారుకు ఒళ్ళు మండిపోతుంది. సూరిబాబు దోహా బయల్దేరిన నాడు వీధిగుమ్మం ముందు ముత్తైదువలు ఎదురు రావడానికి సిద్ధంగా నిలబడితే, అతనికి జంతికలు వండిపెట్టిన తాయారును, మొగుడు పోయిన మనిషి కంటపడకూడదని ఇదే వంటింట్లోకి లాక్కొచ్చి, తనూ లోపలే ఉండి గడియ వేసింది ఈ మహాతల్లే. ఆస్పత్రిలో పుట్టే బిడ్డలు మొట్టమొదట చూసేది తాయారు మొహాన్ని. ఆ మొహం మరిదికి పనికిరాలేదు!

వంటిల్లు మెల్లగా రైలులా కదులుతోంది, కిటికీలోంచి ఊరు వెనక్కి పోతోంది.

"కన్నకొడుకు వెళ్తుంటే మీరైనా ఎందుకు దాక్కున్నారత్తయ్యా?"

"నాకు పాతికేళ్ళప్పుడు, మీ మామగారు పోయాక, మా అత్త నన్నిలాగే నెట్టిందే. తర్వాత్తర్వాత ఎవరూ నెట్టక్కర్లేకపోయింది. నేనే వచ్చి గడియేసుకునేదాన్ని."

"నావల్ల కాదు. దోహా వెళ్తే, సూరిబాబు కూతురు పరీక్షకి బయల్దేరిన ప్రతిసారీ నన్ను లోపలుండమంటారు. జర్మనీలో నా మొహం చూసి వెనక్కి తిరిగేవాళ్ళుండరు. అక్కడికే వెళ్తాను."

"ఆ చలికి, ఆ భాష రాక చస్తావే!"

"చస్తే నడివీధిలో చస్తాను. గడియ వెనకాల మాత్రం కాదు."

చిట్టెమ్మ చేతులు పిండిలో ఆగిపోతాయి. ఎక్కడో రైలో విమానమో కూత వేస్తోంది.

"మీరు నాకు ఎదురు రండి," అంటుంది తాయారు.

"నేనా? శుభమా అని వెళ్తూ నా మొహం చూస్తావుటే?"

"మీ మొహమే చూస్తాను. మీరు రాకపోతే నేను కదలను."

చిట్టెమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని లేస్తుంది, గడియ తీస్తుంది, తీసిన తలుపు అవతల ప్లాట్‌ఫారం మీద పట్టపగటి ఎండలో, నెత్తిన ముసుగు లేకుండా, కొత్తగా నడక నేర్చినట్టు ఒక్కో అడుగూ వేస్తూ తాయారుకు ఎదురుగా వస్తూనే ఉంది.

తాయారుకు మెలకువ వచ్చింది. లేచి పాలపాకెట్టు కోసం వీధి తలుపు తీసింది. సరిగ్గా అప్పుడే భుజాన సంచీతో ఊరికి బయల్దేరిన పక్కింటి పాపారావు ఆమెను చూసి ఠక్కున ఆగి, ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ అయితే తాయారే ముందు పక్కకు తప్పుకునేది.

చేతిలో ఫోన్ మోగింది, ఏజెంటే. మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకుంటూ పాపారావు మళ్ళీ బయటికొచ్చేసరికి తాయారు గుమ్మంలోనే, అతనికి ఎదురుగా నిలబడి ఉంది.

"జర్మనీ అండీ," అంటోంది ఫోన్‌లో, వీధికంతా వినపడేలా.