సందు పట్టని కారు

బడే సాబ్ మద్రాసు నుంచి తెచ్చిన నాలుగు చక్రాలు ఆదోనిలో ఏ బండికీ సరిపోయేవి కావు. ఒక్కో టైరు అడుగుకు పైగా వెడల్పు. పైన ఒక్క గీత లేదు, గుండు గీయించినట్టు నున్నగా ఉండేది. షోలవరం కారు పందేల కోసం ఎప్పుడో విదేశం నుంచి తెప్పించినవి. పందెంలో కారు కాలిపోయాక దాని యజమానికి మనసు విరిగింది. తన షెడ్డులో రెండేళ్లుగా పనిచేస్తున్న బడే సాబ్‌ను పిలిచి, విడిగా ఉంచిన ఈ చక్రాలను తీసుకుపొమ్మన్నాడు.

అది 1974. బడే సాబ్ తండ్రి గఫూర్ సాబ్ పత్తి బేళ్ల లారీ నడిపేవాడు. మద్రాసులో లోడు దింపి, కొడుకునూ చక్రాలనూ ఎక్కించుకుని ఊరికి వచ్చాడు. రంజాను అయిపోగానే తిరిగి మద్రాసు పోవాలని కొడుకు అనుకున్నాడు. పండగకు ముందే, పత్తిని అదిమి బేళ్లు కట్టే ప్రెస్సింగు ఫ్యాక్టరీలో బేలు జారి గఫూర్ సాబ్ మీద పడింది. ప్రాణం దక్కింది కాని నడుము కింద మళ్లీ కదల్లేదు.

వాళ్లది దూదేకుల ఇల్లు, మాట్లాడుకునేది తెలుగే. నాపరాళ్ల కప్పు వేసిన ఒకే గది, ముందు చిన్న వాకిలి. గదిలో ఒక గోడకు గఫూర్ సాబ్ మంచం, ఎదుటి గోడకు ఒకదాని మీద ఒకటిగా ఆ చక్రాలు. బడే సాబ్ భార్య సైదా బీ వాటి పక్కనే వంట చేసేది. తండ్రిని లేపడం, కడగడం, పక్కకు తిప్పడం అన్నీ బడే సాబే చేసేవాడు. దూరం పోవడానికి లేదు కాబట్టి ఎమ్మిగనూరు రోడ్డు మొదట్లో మరమ్మతు షెడ్డు వేసుకున్నాడు. మద్రాసు వాళ్లు కొన్నాళ్లు కబురు పెట్టి మానేశారు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు తండ్రీకొడుకులు ఆ చక్రాల మీద కారు కట్టేవాళ్లు, మాటలతో.

"ఫియట్ పెడితే ఎట్లుంటాదప్పా?" అనేవాడు గఫూర్ సాబ్.

"మేకపిల్లకు ఏనుగు కాళ్లు తగిలించినట్లుంటాది నాయనా."

"అంబాసిడరు? టాపు కోసేసి?"

"బరువు. ముక్కి మూలిగి లేస్తాది."

ఒక ఎండాకాలమంతా విల్లీస్ జీపు మాటే నడిచింది. ఇంకో ఏడు బడే సాబ్ లోకంలో లేని కారునే కట్టాడు. లారీకున్నంత పొడుగు ముక్కు, మోకాలెత్తు బాడీ, లోపల ఒకటే సీటు.

"ఒకటే సీటేందప్పా?"

"నడిపేటోనికి ఒకటి సాలదా నాయనా."

రొట్టెలు తడుతున్న సైదా బీ చేతులు ఆగాయి. గఫూర్ సాబ్ గోడవైపు మొహం తిప్పుకున్నాడు. సాయంత్రం కొడుకు నీళ్లు తాగిస్తుంటే, "నువ్వు మద్రాసుకు పో" అన్నాడు.

"నిన్నెవరు లేపుతారు?"

ఆ మాట ఏడాదికోసారైనా వచ్చేది, వచ్చిన చోటే ఆగిపోయేది.

1982లో ఎమ్మిగనూరు పశువుల డాక్టరు భీమసేనరావు తన జీపు బాగు చేయించుకోవడానికి షెడ్డుకు వచ్చాడు. తన కొట్టంలో పాత హెరాల్డు కారు పడి ఉందనీ, కోళ్లు అందులో గుడ్లు పెడుతున్నాయనీ, తీసుకుపోతే గొడ్లకు చోటు వస్తుందనీ చెప్పాడు. బడే సాబ్ దాన్ని లాగించుకుని వచ్చి, సందులోంచి తోయించి వాకిట్లో నిలబెట్టాడు. సందుకు ఒక పక్క ఇళ్లు, ఇంకో పక్క పొరుగింటి ఉరుకుందమ్మ పెరటి గోడ. కారు గోడలకు రాసుకోకుండా లోపలికి వచ్చింది.

ఆ ఏడు శుక్రవారాలన్నీ దానికే పోయాయి. మొదట ఇంజను విప్పి బాగు చేశాడు. చక్రాల రంధ్రాలు కలవకపోతే లేతు మీద ఇనుప పలకలు తిప్పించి మధ్యన వేశాడు. చక్రాల మీది రెక్కలు కోసి రేకు అతికించాడు. తలుపులోంచి తండ్రికి కనబడేట్టు కారును నిలబెట్టుకుని పనిచేశాడు. గఫూర్ సాబ్ మంచం మీద నుంచే, "ఆ పక్క ఇంకొంచెం కోయ్" అనేవాడు. చక్రాలు ఎక్కిన రోజు కారు నేల మీద పడుకున్న పులిలా కనబడింది. రెండు పక్కలా జానెడేసి బయటికి వచ్చాయి టైర్లు.

ఆ తర్వాత పని ఆగిపోయింది. బడే సాబ్ రోజూ దాని చుట్టూ తిరిగి షెడ్డుకు పోయేవాడు. సైదా బీ ఒకరోజు తాడు తీసుకుని కారుకు అడ్డంగా పట్టింది, అదే తాడు తీసుకుపోయి సందుకు అడ్డంగా పట్టింది. భర్త వచ్చాక అడిగింది.

"ఇది సందులో పట్టదని నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

"కొలిసినావా?"

"పని మొదలు పెట్టకముందే కొలిసినా."

"మరెందుకు చేసినావు?"

"బయటికి పోయేదైతే నేను ఒక్కణ్నే పోతానేమోనని బయమైంది."

మంచం మీద నుంచి గఫూర్ సాబ్ గొంతు వినబడింది. "నాకూ తెలుసమ్మా. రెక్కలు కోసేటప్పుడే తెలుసు."

ఎనిమిదేళ్లుగా ఆ ఇద్దరి మధ్య ఇరుక్కుని ఉన్నది తనేనని సైదా బీకి అప్పుడు అర్థమైంది. మర్నాడు పొద్దున ఉరుకుందమ్మ ఇంటికి పోయింది. ఉరుకుందమ్మ అంతా విని, "రాళ్లు పేర్చిందేగదమ్మా, మళ్లీ పేర్చుకుందాము" అంది. ఇద్దరు ఆడవాళ్లూ కలిసి మధ్యాహ్నానికల్లా గోడను నేలమట్టం చేశారు.

బడే సాబ్ వచ్చి చూసి నిలబడిపోయాడు.

"మీ నాయనను ఎత్తుకో," అంది సైదా బీ. "ఇద్దరూ పోయిరాండి."

తండ్రిని చీరతో సీటుకు కట్టి కూర్చోబెట్టాడు. ఎమ్మిగనూరు రోడ్డెక్కాక గఫూర్ సాబ్ మొదట కళ్లు మూసుకున్నాడు. "సాలప్పా, ఎనక్కి తిప్పు" అన్నాడు.

"తిరగదు నాయనా. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు రేకుకు తగులుతాది. ఈ రోడ్డులో తిప్పేకి జాగా లేదు."

"మరేం చేద్దాము?"

"ముందరికే పోవల్ల."

గఫూర్ సాబ్ కళ్లు తెరిచాడు. పత్తి చేలు రెండు పక్కలా పోతున్నాయి. కొంతసేపటికి, "గేరు మార్చు, ఇంజను ఏడుస్తాంది," అన్నాడు పాత గొంతుతో.

సగం దారి దాటాక వెనక ఇరుసు విరిగింది. కారు జొన్న చేను పక్కన ఒరిగి నిలబడింది. ఎండలో చాలాసేపు కూర్చున్నాక ఆదోని పోయే పత్తి లారీ ఒకటి ఆగింది. డ్రైవరు నరసన్న ఒకప్పుడు గఫూర్ సాబ్ దగ్గర క్లీనరు. ఇద్దరూ కలిసి ఆయనను క్యాబినులోకి ఎత్తారు.

ఆదోని దగ్గరికి వచ్చాక నరసన్న, "ఇంటి కాడ దింపేదా అన్నా?" అని అడిగాడు.

"ఇంటికొద్దు. వీని షెడ్డు కాడ దింపు," అన్నాడు గఫూర్ సాబ్.

మర్నాటి నుంచి ఆయన మంచం షెడ్డులో పడింది. పొద్దున కొడుకు ఎత్తుకుపోయేవాడు, పొద్దుగూకినాక ఎత్తుకొచ్చేవాడు. రోడ్డున పోయే ప్రతి లారీనీ ఆయన చప్పుడు విని పలకరించేవాడు. బండి కింద పడుకుని పనిచేస్తున్న బడే సాబ్‌కు ఇక రోజంతా తండ్రి గొంతే. ఆ కారు చక్రాలను నందవరం రైతు ఒకడు ఎద్దుల బండికి పట్టుకుపోయాడు. మద్రాసు మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఆ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం బడే సాబ్ తండ్రికి అన్నం తీసుకుపోవడానికి ఇంటికి వచ్చాడు. తలుపుకు లోపల గడియ వేసి ఉంది. తలుపు సందులోంచి చూస్తే ఖాళీ గది మధ్యలో చాప మీద సైదా బీ చేతులు రెండు పక్కలా బార్లా చాపుకుని నిద్రపోతోంది. అతను తలుపు తట్టలేదు. ఆమె లేచేదాకా గడప మీద కూర్చున్నాడు.