ఐదు చుక్కల ఫ్యాను

తాండూరు బస్టాండు వెనుక సందులో ముప్పై ఏండ్లుగా కాలిన ఫ్యాన్లకు రాగితీగ చుడుతున్నాడు చాంద్‌పాషా. పాత తీగ తెంపే ముందు చుట్లు లెక్కపెట్టుకోవాలి, ఒక్కటీ తగ్గకుండా మళ్లీ చుట్టాలి. ఆయన చదువంతా అదే.

ఆ పొద్దు బషీరాబాద్ నుంచి గోవిందమ్మ వచ్చింది, బస్సులో ఒళ్లో ఫ్యాను పెట్టుకొని. కందిపప్పు చేసే షెడ్డులో ఆడోళ్ల సంఘానికి ఆమె పెద్ద. ఎనిమిది పాత ఫ్యాన్లు తీసేసి, కరెంటు తక్కువ తాగేవి పెట్టుకుందామని ముందు ఒకటి తెచ్చారు. బిగించింది చాంద్‌పాషానే. పది రోజులకే ఆగిపోయింది.

"కరెంటు ఆదా అని ఫ్యాను మీద ఐదు చుక్కలున్నయని తెస్తిమి భాయ్. మా సంఘంల నాగరాణి ఒకటే నవ్వుడు, మంచిగ చుక్కలు చూపిచ్చినవు అక్కా అని. పాతవే ఉంచుకుంటం. కొత్తయి పనికిరావని సంఘంల నువ్వే జెప్పు. నీ మాటైతే వింటరు."

ఆమె చాయ్ తాగొస్తానని పోయింది. చాంద్‌పాషా మూత విప్పాడు. లోపల సర్క్యూట్ పలక ఒక మూల మాడి ఉంది. పక్క దుకాణంలో టీవీలు బాగుచేసే అజహరుద్దీన్‌ను పిలిచాడు.

"చాచా, గోడ రెగ్యులేటర్‌కు కలిపినవా?"

"ఫ్యానన్నంక కలపరా?"

"గీటికి కలపొద్దు. రిమోటే. కాగితంల రాసుంటది గద!"

కాగితం ఇంగ్లీషులో ఉంటే మడిచి డబ్బాలోనే పెట్టేశాడు చాంద్‌పాషా. చుక్కలు మాత్రం లెక్కపెట్టాడు. అవైతే చదువు లేకున్నా తెలుస్తాయి.

అజహరుద్దీన్ వెళ్లిపోయాడు. పాత ఫ్యాన్లే ఉంటే ప్రతి ఎండాకాలం ఈ దుకాణానికే వస్తాయి. గోవిందమ్మ మాటకు ఊరికే తల ఊపితే చాలు.

"ఏమాయె భాయ్? కంపెనీవోనిదే గద తప్పు?" గోవిందమ్మ తిరిగొచ్చింది.

మాడిన పలక ఆమె చేతిలో పెట్టాడు. "కాదక్కా, నాది. పాత రెగ్యులేటర్‌కు కలిపిన. దీనికి గది జహర్, విషమే."

"నువ్వా? ఇన్నేండ్ల మిస్త్రీవి!"

"అవు."

ఆమె పలకను అటూ ఇటూ తిప్పి చూసింది. "సంఘంల గిదే జెప్తవా? నాగరాణి నిన్ను బతకనియ్యదు."

"నవ్వనీ."

సంఘంలో అదే చెప్పాడు. నవ్వారు. నవ్వి, మిగిలిన ఏడూ కొత్తవే తెచ్చారు. కాలినదానికి కొత్త పలక వేసి, షెడ్డు గోడల మీది రెగ్యులేటర్లన్నీ పీకేసి, ఎనిమిదీ బిగించాడు చాంద్‌పాషా. ఒక్కో ఫ్యాను మీద, చుక్కల పక్కన, ఎర్ర రంగుతో గుండ్రటి రెగ్యులేటర్ బొమ్మ గీసి, దాన్ని అడ్డంగా కొట్టేశాడు.

"చుక్కలు పెట్టినోళ్లు గిది గూడ పెడితే ఏం బోయేది," అన్నాడు నిచ్చెన మీంచే.

"బొమ్మ వంకరొచ్చింది, పాషా భాయ్," అంది నాగరాణి.

"సమజైందా?"

"అయింది."

"గంతే సాలు."