షార్జా బడిలో సీటు

కొంచెం దగ్గరికి జరుగు వందనా. కోరుట్ల నుంచి ఉన్నట్టుండి సిరిసిల్లకు ఎందుకొచ్చావని మీ అమ్మ అడిగితే నవ్వి ఊరుకున్నాను. నీకు చెప్తాను, విను.

మొన్న చింతపండులో గింజలు తీస్తుంటే మీ మామ మహేందర్ షార్జా నుంచి వీడియోలో మాట్లాడాడు. "కాళ్ళెట్లున్నయే అవ్వా?" అన్నాడు. అక్కడే నాకు అనుమానం. నా కాళ్ళు వాడికి ఏదో పని పడినప్పుడే గుర్తొస్తాయి.

"ఈడి బళ్లె మా పోరడు అభినవ్‌కు సీటు దొరికింది. పెద్దది పూజ టెస్టు పాసు కాలే. దాన్ని నీ దగ్గరికి తోల్త. జగిత్యాల ప్రైవేటు బళ్లె ఏద్దాం, బస్సు ఇంటి ముంగటికే అస్తది. నీకూ ఇన్ని నీళ్ళందియ్య మనిషైతది."

వాడి వెనక నా కోడలు రజిత గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. నోరు విప్పితే, బడి సంగతులు నీకేం ఎరుకని వాడు ఆమెను ఎన్నిసార్లు కసురుకోలేదు!

పూజ తప్పిందా? నా మందు సీసాల మీది ఇంగ్లీషును ఫోన్లోనే చదివి, ఏది ఎప్పుడు మింగాలో చెప్పే పిల్ల తప్పిందా? ఇలాంటి మాట నేను ముందూ విన్నాను. ఈ సిరిసిల్లలోనే మా నాయన మా అన్నను బడిలో వేసి, "దీనికి సదువెక్కది" అంటూ నన్ను మగ్గానికి కండెలు చుట్టడానికి కూర్చోబెట్టాడు. ఎక్కుతుందో లేదో చూసిందెవరు? చీర దిగితే నాయన నేసిన చీర. పొద్దంతా దారం చుట్టిన నా వేళ్ళ ఊసు ఎవరూ ఎత్తలేదు.

"ఫోను పూజకియ్యి" అన్నాను.

"ఎందుకే ఇప్పుడు?"

"నా మనుమరాలితోని మాట్లాడేందుకు నీకు అర్జీ పెట్టుకోవాల్నా?"

పూజ వచ్చింది. "టెస్టుల ఏమడిగిండ్రు బిడ్డా?" అన్నాను.

"ఏ టెస్టు బాపమ్మా? తమ్ముడొక్కడే రాసిండు. నేను మమ్మీతోని కింద కూసున్న."

మహేందర్ ఫోను లాక్కున్నాడు. "ఇద్దరికి ఈడ ఫీజులు కట్టుడు నాతోని కాదవ్వా. ఎట్లయినా ఆడివిల్ల. అవ్వకు పానం బాగలేదు, అందుకే తోల్తున్ననని అందరికి చెప్పిన."

చూశావా, నా జబ్బును అడ్డం పెట్టాడు. పూజ వస్తే నా ఒంటరి ఇంట్లో మాట వినబడుతుంది. ఆ ఆశ నాకుందని వాడికి బాగా తెలుసు. ఉన్నమాటే, అబద్ధమెందుకు.

"నా పానం మంచిగనే ఉంది" అన్నాను. "ఇంటికి తాళమేసి సిరిసిల్లకు, బిడ్డ శాంత దగ్గరికి పోతున్న. ఇగ దాన్ని ఏడికి తోల్తవు? ముందు పూజతోని టెస్టు రాయించు."

"గంత జిద్దెందుకే ముసలిదానా?" అని వాడు కోపంగా నవ్వాడు.

అప్పుడు వెనక నుంచి రజిత గొంతు వినిపించింది. "రేపు నేను తీస్కపోత అత్తమ్మా."

అందుకే వచ్చానమ్మా. తీసుకుపోయిందో, ఆపాడో ఇంకా తెలియదు. వాడిమీద నాకు నమ్మకం లేదు. మీ బాపమ్మే నిన్ను రావద్దందని రేపు ఆ పిల్లకు వాడే చెప్తాడు. నువ్వు మాత్రం ఇదంతా గుర్తుంచుకుని, పూజ పెద్దయ్యాక నా మాటగా చెప్పు: బాపమ్మకు నువ్వు కావాలనే ఉండె, అయినా నీ సీటు నీకు దక్కాలనే తలుపు మూసిందని.