నాలుగు రోజుల గుడ్ల పులుసు

పరాయి దేశంలో ఆ ఇరుకు గదిలో ఉండేది ఇద్దరే: గోదాములో పెట్టెలు మోసే బావ, బస్సులు కడిగే బావమరిది. వంట బావదే. మరిగిస్తే ఏ కూరైనా కొత్తదే అవుతుందని అతగాడి గట్టి నమ్మకం. అందుకే గిన్నె అడుగున మిగిలిన గుడ్ల పులుసులోనే కొత్త పులుసు కలుపుకుంటూ నాలుగు రోజులు లాగించాడు. బావమరిది ఓ దణ్ణం పెట్టి బ్రెడ్డుతో సరిపెట్టుకున్నాడు.

ఐదో రోజు పొద్దున్నే మొదలైంది గోల. బావకు వాంతులు ఒకపక్క, విరేచనాలు మరోపక్క. సరిగ్గా ఆ రోజే ఫోర్క్‌లిఫ్ట్ పరీక్ష! బరువులెత్తే ఆ బండి లైసెన్సు చేతికొస్తే జీతం పెరుగుతుంది, భార్యనీ కూతురినీ తెచ్చుకోవచ్చు. ఇప్పటికి రెండుసార్లు తప్పాడు మహానుభావుడు. దూకుడు మనిషి, బ్రేకు తొక్కాడంటే పైనున్న పెట్టెలు దబదబా కిందకొచ్చేవి. ఈసారీ తప్పితే ఏడాది ఆగాలి.

"ఇవాళ్టికి వద్దులే బావా, పడుకో," అన్నాడు బావమరిది, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగిస్తూ.

"నోర్ముయ్! పులుసు తిని కాపురం వాయిదా వేశానని మీ అక్కకి చెప్పనా?"

పాలిపోయిన మొహంతోనే వెళ్ళి పరీక్ష బండెక్కాడు. ఒక్క కుదుపు కుదిపినా పరువు అక్కడే పోతుందని అతనికి తెలుసు. ఊపిరి బిగబట్టి, బ్రేకు మీద కాలు మెల్లగా ఆనిస్తూ, నిద్రపోతున్న పసిపిల్లను ఎత్తుకున్నట్టు నడిపాడు. మలుపు మలుపుకీ ఆగాడు, చూశాడు, కదిలాడు. పెట్టెలు కిక్కురుమనలేదు.

పరీక్ష పెట్టినాయన ముచ్చటపడి, ఇంత నెమ్మది ఎక్కడ నేర్చావని అడిగాడు. పాసైనట్టు కాగితం మీద సంతకం పడీ పడగానే బావ మరుగుదొడ్డి వైపు ఒకటే పరుగు!

డాక్టరు దగ్గర మందు పుచ్చుకుని, సాయంత్రం భార్యకు ఫోన్ చేశాడు.

"నిజంగానా అండీ? పాసయ్యారా?" అంటూ ఆవిడ ఏడ్చేసింది. బావకూ ఏడుపు ఆగలేదు. ఆ సంబరంలో పులుసు సంగతి కూడా కక్కేశాడు.

ఆవిడ ఏడుపు ఠక్కున ఆపేసింది.

"ఆ గిన్నె ఏది?"

"పొయ్యి మీదే ఉంది. అడుగున ఇంకా కాస్త..."

"ముందది పారబొయ్యండి! శుభ్రంగా తోమి బోర్లించండి. ఇక ఆ గిన్నె ముట్టుకోవద్దు. నేనొచ్చి వండుతాను."

బావ మారుమాట్లాడకుండా గిన్నెను మూడుసార్లు తోమి, కళ్ళు తుడుచుకుంటూ బోర్లించాడు.