ఎంటర్ నొక్కిన చేతులు

రాజగోపాల్‌కి తన పనితనం మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు. కేంద్ర ప్రభుత్వంలో ఇంజినీరన్న పేరే గాని, పదహారేళ్ళుగా ఫైళ్ళు తిరగేయడం తప్ప స్క్రూడ్రైవరు పట్టిన పాపాన పోలేదు. అలాంటివాడు ఢిల్లీ సాకేత్‌లోని తన ఫ్లాట్‌లో స్వయంగా కరెంటు సామాన్లను నడిపే కంట్రోలర్ బిగించి, మూడు వారాలుగా మీసం మెలేస్తున్నాడు. మరి సామాన్యమైన పనా? అక్క సరోజిని మంచం పక్కన నాలుగు మీటలు. ఫ్యానుకొకటి, కూలరుకొకటి, లైటుకొకటి, రేడియోకొకటి. ఆమె మీట నొక్కితే గది అవతలి మూలనున్న పాత కంప్యూటరుకు కబురందుతుంది. అది కంట్రోలర్‌కి చెబుతుంది. ఫ్యాను తిరుగుతుంది.

సరోజిని లెక్కల టీచరు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి, కుడి చెయ్యీ నోరూ తప్ప మిగతా ఒళ్ళంతా మొరాయించింది. నోరైతే ఇంకా పదునెక్కింది, అది వేరే సంగతి. ఆమెను చూసుకోవడానికి రాజగోపాల్ భార్య సీతారత్నం ఆఫీసుకు సెలవు పెట్టింది. ఆ సెలవు ఆదివారంతో సరి. సోమవారం వెళ్ళి చేరాలి, లేదా ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయా వచ్చిపోతుంది. మిగిలిన పొద్దంతా సరోజిని ఒక్కతే ఉండగలగాలి.

"నేను ఉండగలను రా గోపీ. నన్ను ఉండనివ్వడమే మీకు చేతకావటం లేదు," అందామె శనివారం. "రేపు పదింటికి ఇద్దరూ బయటికి పొండి. ఒంటిగంట దాకా ఈ ఛాయలకు రావద్దు. చూద్దాం."

"మూడు వారాలుగా ఒక్క తప్పు లేదక్కా. నోట్‌బుక్కులో రాశాను కూడా," అన్నాడు రాజగోపాల్ గర్వంగా.

సరోజిని ఏమీ అనలేదు. అనకపోవడం ఆమె స్వభావం కాదని అతనికి తట్టనూ లేదు.

ఆదివారం సీతారత్నం ఆర్కేపురంలో పిన్నిగారింటికి వెళ్ళింది. రాజగోపాల్ తలుపు తాళం వేసి, నాలుగు మెట్లు దిగి, అక్కడే చతికిలబడ్డాడు. ప్రాణం ఒప్పితేగా!

జూన్ నెల. పదిన్నరకే గోడలు సెగలు కక్కుతున్నాయి. అప్పుడు పోయింది కరెంటు. ఢిల్లీలో ఇది వింతా విడ్డూరమా? కంప్యూటరు కిందున్న బ్యాటరీ కూడా పావుగంటకే చేతులెత్తేసి ఉంటుంది. నలభై నిమిషాలకు కరెంటు తిరిగొచ్చింది. ఎదురింటి పంజాబీ ఆవిడ కూలరు గుర్రుమంది. కింద నీళ్ళ మోటారు మొదలైంది. తన ఇంట్లోంచి మాత్రం చప్పుడు లేదు. మెట్లెక్కి తలుపుకి చెవి ఆనించాడు. లేదు. తాళం తీసి లోపలికి పరుగెత్తాడు.

సరోజిని చెమటతో తడిసి ముద్దయి ఉంది. వేలు మీట మీదే ఉంది. నొక్కుతూనే ఉంది. కంప్యూటరు తెర మీద ఒక ప్రశ్న మిణుకుమిణుకుమంటోంది. తేదీ సరిగ్గా ఉందా? ఉంటే ఎంటర్ నొక్కండి.

"ఓస్, ఇంతేనా!" అంటూ చెయ్యి చాపాడు.

"తియ్యి చెయ్యి!" గద్దించింది సరోజిని. "ముట్టుకున్నావో ఊరుకోను."

చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"కరెంటు చాలాసేపు పోయి వచ్చిన ప్రతిసారీ అదే అడుగుతుంది రా అది. మొదటి రోజు నుంచీ. నువ్వు కాఫీ గ్లాసు పట్టుకుని అటు పోతూ ఓ నొక్కు నొక్కేవాడివి. రత్నం చీపురు పట్టుకుని ఓ నొక్కు. మీ చేతులకే తెలీదు, మీకేం తెలుస్తుంది? తప్పుల్లేవని రాసుకున్నావు."

రాజగోపాల్ లెక్కేసుకున్నాడు. ఎన్నిసార్లు పోయి ఉంటుంది కరెంటు? ముప్పై? నలభై? అన్నిసార్లూ పరీక్ష పాసయింది యంత్రం కాదు, తామిద్దరూ.

"తెలిసీ చెప్పలేదేం అక్కా?"

"చెబితే ఏం చేసేవాడివి? ఎంటర్ నొక్కడానికి ఎవరినైనా కాపలా పెట్టేవాడివి. రత్నం ఉద్యోగం మానేసేది. నువ్వు నీ కళ్ళతో చూస్తే తప్ప బాగుచెయ్యవని ఊరుకున్నా."

"ఈ ఎండలో నీకేమన్నా అయితే? ఫోను పక్కనే ఉందిగా, ఎదురింటావిడకైనా..."

"ఆవిడొచ్చి ఎంటర్ నొక్కి, నీళ్ళు తాగించి, 'హాయ్ రామ్, బేచారీ' అని జాలిపడుతూ కూర్చుంటుంది." సరోజిని మీట మీంచి వేలు తీసింది. "రెండేళ్ళయింది రా, ఎవరి కళ్ళూ నా మీద లేకుండా ఒక్క గంట గడిపి. మీరు మంచివాళ్ళే. నాకు మాత్రం ఊపిరాడటం లేదు."

అతను ముందు ఫ్యాను గోడ స్విచ్చికి కలిపి గాలి తెప్పించాడు. తడిగుడ్డ తెచ్చి ఆమె ముఖం తుడిచాడు. తర్వాత కీబోర్డు ముందు కూర్చున్నాడు. ప్రోగ్రాం పరాయివాళ్ళు రాసింది, లోపలికి దూరి దిద్దే వీల్లేదు. అందుకని ఎంటర్ నొక్కినట్టే లెక్కయ్యే ఒక ఖాళీ వరుస మాత్రమే ఉన్న చిన్న ఫైలు తయారుచేసి, ప్రశ్న వచ్చినప్పుడు జవాబు ఆ ఫైలులోంచి తీసుకొమ్మని రాశాడు. తేదీ తప్పయితే అయింది, ఫ్యాను తిరగడానికి తిథివార నక్షత్రాలు దేనికి? మొదటిసారి ప్రోగ్రాం ఖాతరు చేయలేదు. రెండోసారి కీచుమని ఆగిపోయింది. మూడోసారి ఫ్యానును మళ్ళీ కంట్రోలర్‌కి కలిపి, బ్యాటరీ తప్పించి, మెయిన్ స్విచ్చి ఆపి, వేసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ప్రశ్న వచ్చింది. దానంతటదే వెళ్ళిపోయింది. సరోజిని మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది. వెంటనే ఆపేసింది. మళ్ళీ వేసింది. చిన్నపిల్లలా నవ్వింది.

"ఇంక పో. మూడింటికి రా. మెట్ల మీద కూర్చోకు, దగ్గు వినిపిస్తోంది."

ఈసారి నిజంగానే వెళ్ళాడు. ఆయాకి ఈరోజు రావద్దనీ, సీతారత్నానికి మూడింటికి పార్కు దగ్గరికి రమ్మనీ కబురు పెట్టి, పార్కులో వేపచెట్టు కింద కూర్చున్నాడు. రెండింటికి కాలనీలో కూలర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అరగంటకు మళ్ళీ మోగాయి. తన ఇంట్లో మోగిందో లేదో అక్కడికి తెలియదు. రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ కూర్చున్నాడు. ఆ అరగంట అతను పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు.

మూడింటికి సీతారత్నం వచ్చింది. ఇద్దరూ పైకెళ్ళి చప్పుడు కాకుండా తలుపు తీశారు. ఫ్యాను తిరుగుతోంది. సరోజిని నోరు కొంచెం తెరుచుకుని, చీర చెదిరిపోయి, ఆదమరిచి నిద్రపోతోంది. ఈ రెండేళ్ళలో ఆమె పగటిపూట కన్ను మూయగా వాళ్ళు చూడలేదు.

సీతారత్నం చీర సర్దబోతూ అడుగు లోపలికి వేసింది. రాజగోపాల్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, తలుపు మెల్లగా దగ్గరికి లాగాడు.

"ఇంకో గంట ఎక్కడికైనా పోదాం పద, రత్నం," అన్నాడు.